ఎడమ మర

కిందటి వారం దేవప్రసాద్‌ని ఒక నల్లపెట్టె ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. తెల్లారింది, వాన పట్టుకుంది, టీ చల్లారింది, పెట్టె మూత మాత్రం లేవలేదు. లోపల ఏముందోనన్న భయం కాదు. మూత తీసేస్తే రేపటి నుంచి ఎదురుచూడ్డానికి ఏమీ మిగలదే అన్న దిగులు.

ఈ వారమే మన బండెక్కిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. దేవప్రసాద్‌ది పోర్ట్‌బ్లెయిర్‌లో బతు బస్తీ. తాతల నాడు ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ముందుగది ఫొటో స్టూడియో, వెనకగది ఇల్లు. భార్య మేరమ్మ పోయి మూడేళ్లు. పిల్లల్లేరు. తెలుగు చర్చిలో ఏటా కోత పండుగ ఆదివారం సంఘమంతా మెట్ల మీద వరసలుగా నిలబడి ఒక్క ఫొటో దిగడం ఆనవాయితీ. ఆ ఫొటో ఎప్పుడూ దేవప్రసాదే తీసేవాడు, తోలు తిత్తి ఉన్న పాత టెక్నికల్ కెమెరాతో. చర్చి ముందు సందు ఇరుకు. వెనక్కి జరిగితే మురిక్కాలవలో పడాలి. అక్కడ నిలబడి మామూలు కెమెరా పైకెత్తితే గంటల గోపురం తాగినవాడిలా వెనక్కి వాలిపోతుంది. దేవప్రసాద్ కెమెరాలో అయితే కెమెరా కదలదు, లెన్సు ఒక్కటే పైకి జరుగుతుంది. గోపురం పెరేడ్‌లో పోలీసులా నిటారుగా నిలబడుతుంది.

ఆ లెన్సు గురించి బస్తీలో చెప్పుకునే వాటిలో సగం నిజాలు, మిగతా సగం దేవప్రసాద్ చెప్పినవి. గోపురం మీద కాకి వాలిన క్షణంలో ఫొటో తీస్తే, ఆ కాకి పొద్దున ఎవరింట్లో మెతుకులు తిందో పోల్చుకోవచ్చట. ఒక ఏడు ఆయన నల్లగుడ్డ కింద దూరి ఫోకస్ సరిచూసుకుని బయటికి వచ్చేసరికి చెన్నై వెళ్లిన ఓడ తిరిగి వచ్చేసిందట, మెట్ల మీద ముందు వరసలో నిలబడ్డ పిల్లలకి మీసాలు మొలిచాయట.

మీసాల సంగతి ఎలా ఉన్నా, ఆ ఫొటోల్లో ఒకటి మాత్రం ఎవరైనా చూసి చెప్పగలిగిన నిజం. రెండో వరస ఎడమ చివర మేరమ్మ ఉంటుంది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. జరుగమ్మా అంటే నవ్వేది, జరిగేది కాదు. తీసేవాడు ఫొటోలో ఉండడు కదా, మొగుడి కోసం చోటు పట్టుకుంది అని సంఘమంతా అనుకునేది. దేవప్రసాదూ అదే అనుకున్నాడు. నల్లగుడ్డ కింద గాజుపలక మీద సంఘం మొత్తం తలకిందులుగా వేలాడుతుంటే, ఆయన కళ్లు ముందు ఆ ఖాళీనే వెతుక్కునేవి. లోకంలో తనదంటూ ఒక చోటు ఉంది, అది తలకిందులుగా ఉంటే మాత్రం ఏం, అనుకునేవాడు.

మేరమ్మ పోయిన ఏడు దుఃఖంలో ఫొటో లేదు. మరుసటి ఏడు చెమ్మకి తిత్తి చివికి చిల్లులు పడ్డాయి. ఆపైన ఫిల్మే దొరకలేదు. ఈసారి కూడా కుదరకపోతే సంఘంలో కుర్రాడు ఉమేష్ చేత డ్రోన్‌తో తీయిస్తామని సంఘపెద్ద నాగబాబు మర్యాదగానే చెప్పి వెళ్లాడు. డ్రోన్ ఫొటోలో మన సంఘం బట్టతలల లెక్కకి తప్ప దేనికీ పనికిరాదని దేవప్రసాద్ నవ్వుతూనే జవాబిచ్చాడు. నాగబాబు సందు మలుపు తిరిగాక నవ్వు ఆపాడు.

ఆ మూడేళ్లూ ఆయనకి తోడు మొబైల్‌లో వీడియోలే. ఏ దేశం వాళ్లో, పెద్ద ఫిల్ముతో తీసే మీడియం ఫార్మాట్ వాళ్ల కోసం రాబోయే సరంజామా గురించి చెబుతుంటారు. వెనకభాగం అటూ ఇటూ జరిగే కొత్త బాడీ వస్తుందంటారు, లెన్సుని ముందుకు వంచే కంకణం వస్తుందంటారు. వాళ్ల ఇంగ్లీషు ఈయనకి సగమే అర్థమయ్యేది. కానీ ‘త్వరలో’ అన్న ముక్క మాత్రం ఎంత వేగంగా అన్నా దొరికేది. ఆ ఇంట్లోకి రాబోయేది ఏదైనా ఉందని చెప్పేవాళ్లు ఇంకెవరున్నారు? వీడియో ఆఖర్న ఆ తెల్లాయన చెయ్యూపితే దేవప్రసాద్ కూడా చెయ్యూపేవాడు.

అలాంటి వీడియోలోనే ఒక కంపెనీవాళ్లు, పాత లెన్సు ఏదైనా సరే కొలత చెప్పండి, మా కొత్త కెమెరాకి పట్టేలా లెన్సు బిగించే పలక చేసి పంపుతాం, బజారులోకి రాకముందే వాడి చూసి చెప్పండి అన్నారు. ఈయన తెలుగులోనే ఒక వాయిస్ మెసేజ్ పెట్టి మరిచిపోయాడు. నెలల తరవాత క్యారొలిన్ అనే అమ్మాయి పెట్టె పట్టుకుని దిగింది. కోయంబత్తూరు నుంచి వచ్చిందట. ఉప్పుగాలిలో ఈ సామాను ఎన్నాళ్లు బతుకుతుందో చూసి కంపెనీకి రాయాలట. పెట్టె ఇక్కడ వదిలి, ఊళ్లోనే షాదీపూర్‌లో తెలిసినవాళ్లింట్లో ఉంటోంది.

ఇదీ సంగతి. ఇక పదండి, వానలో గొడుగు ముడుచుకుంటూ ఆ అమ్మాయి గుమ్మంలోకి రానే వచ్చింది.

“ఇంకా తియ్యలేదా అంకుల్?”

“తీస్తే లోపలున్న మెయిన్‌ల్యాండ్ గాలి పోద్ది కదమ్మా. మళ్లీ ఎక్కడ తెచ్చేది?”

“ఇంకో పెట్టె తెస్తాలెండి. అబ్బ, మెయిన్‌ల్యాండ్‌లో ఇంత వాన ఎప్పుడూ చూళ్లేదు,” అంటూ ఆమె జుట్టు తుడుచుకుని, ఆయన్ని అడక్కుండానే మూత ఎత్తేసింది.

దేవప్రసాద్ కళ్లజోడు పైకి తోసుకుని తొంగిచూశాడు. నల్ల నురుగు దిండులో గుంటలు తీసి, ఒక్కో గుంటలో ఒక్కో వస్తువు పడుకోబెట్టి ఉంది. కెమెరా బాడీ టిఫిన్ డబ్బా మూతంత ఉంది. చుట్టూ చిన్న చిన్న మరచక్రాలు. ఒకటి తిప్పితే వెనకభాగం పక్కకి జరుగుతుంది, ఇంకొకటి తిప్పితే పైకి లేస్తుంది, ఎంత జరిగిందో పక్కన గీతలు చెబుతాయి. నెత్తిన బఠాణీగింజంత నీటిమట్టం. ఎండ లెన్సులో పడకుండా అయస్కాంతంతో అతుక్కునే నీడరెక్క. ఫిల్ము బదులు వెనక తగిలించే డిజిటల్ బ్యాక్‌ని ఆమె రెండు చేతులతో బయటికి తీసి, మామూలు కెమెరాలో తపాలా బిళ్లంత ఉండే సెన్సార్ ఇందులో అగ్గిపెట్టెంత ఉంటుందని చెప్పింది.

దేవప్రసాద్ బాడీని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి తిత్తి ఏదీ, తిత్తి లేకపోతే ఊపిరెలా తీస్తుంది అని అడిగాడు. ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆడమనిషి నవ్వు వినపడి చాలా కాలమైంది. ఆయన ఇంకో రెండు అబద్ధాలు గబగబా అల్లాడు. బ్రిటిషువాళ్ల కాలంలో తాతగారు తిత్తి కెమెరాతో తిమింగలం ఫొటో తీస్తే, గాజుపలక మీద తడి ఆరడానికి వారం పట్టిందన్నాడు. ఆమె మళ్లీ నవ్వింది. ఆయనకి ఒకటే కోరిక, ఈ నవ్వు ఇంకాసేపు ఉండాలని. ఎందుకంటే తరవాత జరగబోయేది ఏమిటో ఆయనకి ముందే తెలుసు.

పలక పట్టదు. లోకంలో ఏ పలకా ఆ లెన్సుకి పట్టదు.

ఎందుకు పట్టదో వాయిస్ మెసేజ్‌లో చెప్పలేదు. అడ్డం కొలత చెప్పాడు, అసలు సంగతి మింగేశాడు. ఇప్పుడు ఆ సంగతి ఆయన నోటి నుంచి రాదు గనక మనమే చెప్పుకోవాలి.

పాతికేళ్ల కిందట ఆ లెన్సు మెడ దగ్గర మరలు ఉప్పుకి చివికి పొడి రాలాయి. మేరమ్మ తమ్ముడు విన్సెంట్ అప్పట్లో వీళ్లింట్లోనే ఉండి, పడవల రిపేరు షెడ్డులో లేతు మిషన్ మీద పని చేసేవాడు. నాకియ్యి బావా, ఇత్తడి తొడుగు వేసి కొత్త మర కోసి పెడతాను అన్నాడు. బాగానే కోశాడు. కాకపోతే ఆ పొద్దున్న షెడ్డులో ఒక పడవ ఇరుసుకి ఎడమ మర కోసి ఉన్నాడు. రెండు ఇంజన్ల పడవల్లో ఒక పంకా అటు తిరిగితే ఒకటి ఇటు తిరుగుతుంది గదా, ఒకదానికి మరలు ఉల్టా ఉండాలి. లేతు అలాగే అమర్చి ఉంది. కుర్రాడు మాటల్లో పడి దాన్ని మార్చకుండానే లెన్సు తొడుగూ, దాని పలకా రెండూ కోసేశాడు. అంటే లోకమంతా కుడికి తిప్పి బిగిస్తే, దేవప్రసాద్ లెన్సుని ఎడమకి తిప్పి బిగించాలి.

అది బయటపడింది కోత పండుగ నాడు. సంఘమంతా ఎండలో మెట్ల మీద నిలబడి ఉంది. దేవప్రసాద్ కుడికి తిప్పుతాడు, లెన్సు ఊడి చేతిలోకొస్తుంది. మళ్లీ తిప్పుతాడు, మళ్లీ ఊడుతుంది. రెండో వరసలో అక్క పక్కన నిలబడ్డ విన్సెంట్‌కి వెలిగింది. నవ్వాపుకోలేక అరిచాడు.

“ఉల్టా తిప్పు బావా.”

మెట్లు మెట్లన్నీ నవ్వాయి. దేవప్రసాద్ చెమట తుడుచుకుని, అందరికీ వినపడేలా ఒక మాటన్నాడు. అక్క పెట్టే కూడు తిని అక్క మొగుడి నోట్లో మన్ను కొడతావా అన్నాడు. ఆ వారం ఓడలో విన్సెంట్ వెళ్లిపోయాడు. వాడి పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు దేవప్రసాద్. మేరమ్మ ఎత్తలేదు. ఎడమ మర మాత్రం ఉండిపోయింది. ఏళ్ల తరబడి తిప్పీ తిప్పీ ఆయన చేతికి అదే అలవాటైపోయి, ఆఖరికి పచ్చడి జాడీ మూతలు కూడా తప్పు తిప్పుతుండేవాడు.

అందుకే క్యారొలిన్ పాత కెమెరా నుంచి లెన్సు తీసిమ్మంటే తీసిచ్చి, కిటికీ దగ్గరికి పోయి వాన చూస్తూ నిలబడ్డాడు. వెనక పలక మీద లోహం గీసుకున్న చప్పుడు వినపడింది. ఒకసారి, మరోసారి.

“చూడీ పట్టట్లేదు అంకుల్,” అంది ఆమె. “తిరుగుతోంది గాని లోపలికి పోవట్లేదు. పీస్ డిఫెక్ట్ ఏమో.”

“డిఫెక్ట్ పీస్‌ది కాదమ్మా, మనిషిదే. ఛోడో. నాగబాబుకి కబురు పెడతాను, ఆదివారం డ్రోన్ తెచ్చుకోమని. నువ్వు మాత్రం అన్నం తిని వెళ్లు. చేపల పులుసు పెట్టాను.”

ఆమె పలకా లెన్సూ ఆయన చేతిలో పెట్టింది. పెట్టెలో సర్దేద్దామని దేవప్రసాద్ లెన్సుని పలక మీద ఊరికే ఆనించాడు. ఆయన మనసు పులుసు మీద ఉంది. చెయ్యి మాత్రం దాని అలవాటు అది చేసుకుపోయింది. ఎడమకి తిప్పింది.

పట్టింది.

వేళ్లు ఆగిపోయాయి. ఆయన పలక వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. నెమ్మదిగా ఇంకాస్త తిప్పాడు. నూనె పూసిన మర నూనె పూసిన మరలోకి జారినట్టు లెన్సు మెత్తగా లోపలికి దిగి, కదలకుండా కూర్చుంది. దిగిన చోట లెన్సు మీది అంకెలన్నీ పైకి, చూసేవాడి కంటికి ఎదురుగా ఉన్నాయి. అలా కూర్చోవాలంటే మర ఎక్కడ మొదలెట్టాలో కోసినవాడికి తెలిసి ఉండాలి.

దేవప్రసాద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“దీన్ని ఎవరు కోశారమ్మా?”

ఆమె, వర్క్‌షాప్‌లో చేస్తారు అంకుల్, కంపెనీవాళ్లు డ్రాయింగ్ పంపిస్తే అని ఏదో మొదలుపెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నేను వీడియోలు చూసి చూసి పిచ్చోణ్ణయ్యాననుకుంటారు బస్తీలో. చెవులు బరాబర్ పనిచేస్తున్నాయి. మెయిన్‌ల్యాండ్‌లో ఉండేవాళ్లు మెయిన్‌ల్యాండ్ అనరమ్మా. వాళ్లకి అది ఊరే. సముద్రం ఇవతల పుట్టినోళ్లే ఆ మాటంటారు. కోయంబత్తూరులో మరని చూడీ అని కూడా అనరు. నీకు ఎవరు నేర్పారు?”

క్యారొలిన్ నీడరెక్కని అయస్కాంతం మీద పెట్టి తీసి, పెట్టి తీసి, కాసేపటికి పక్కన పెట్టేసింది.

“పప్పా,” అంది. “ఇంట్లో అలాగే మాట్లాడతారు.”

అడగాల్సిన పేరు ఆయన అడగలేదు. ఆమె చెప్పాల్సిన పేరు చెప్పలేదు. మధ్యలో ఆ లెన్సు ఉంది, పేరు దానికి తెలుసు.

మిగతాది ఆమె తలొంచుకుని చెప్పింది. ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్ ఏ భాషో కంపెనీలో ఎవరికీ తెలియక, పలకలు చేసే కోయంబత్తూరు షెడ్డుకి పంపారట. అక్కడ తెలుగువాడు ఒక్కడే. లేతు ఆపి విన్నాడట. మళ్లీ మళ్లీ విన్నాడట. మెసేజ్‌లో లేని సంగతి తనే వేసుకుని పలక కోశాడట. కూతురు కంపెనీ పనిలోనే ఉంది గనక పెట్టె ఆమె చేత పంపించాడు.

“మరి మీ అత్త పోయినప్పుడు?” అన్నాడు దేవప్రసాద్. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. “తోడబుట్టింది పోతే రాలేకపోయాడా?”

“టికెట్ తీశారు. ఓడెక్కారు కూడా. నిచ్చెన తీసే ముందు దిగిపోయారు.”

“పోయిందని వాడికి చెప్పిందెవరు?”

క్యారొలిన్ తటపటాయించింది. షాదీపూర్‌లో తాను దిగినవాళ్లే చెప్పారంది. అత్త ప్రతివారం స్త్రీల ప్రార్థన అని వాళ్లింటికే వచ్చేదట, అక్కడి నుంచి ఫోన్ చేసేదట. ఏటా కోత పండుగ ఫొటో ఒకటి పోస్టులో పంపేదట.

“మా ఇంట్లో అన్నీ గోడకి ఉన్నాయి. చిన్నప్పుడు పప్పా ఎత్తుకుని చూపించేవాళ్లు. ఇది అత్త, పక్కన ఈ ఖాళీ నేను అని. మూడేళ్లుగా ఫొటో రాలేదు కదా, అందుకే...”

దేవప్రసాద్ ఆ తరవాతి మాటలు వినలేదు. ఆయన గోడకున్న ఫొటోల వైపు తిరిగాడు. అన్నీ ఆయన తీసినవే, వరసగా ఉన్నాయి. మొదటివాటిలో మేరమ్మ పక్కన మెడ సాచి నవ్వే కుర్రాడున్నాడు. తరవాతి ఫొటోలో కుర్రాడు లేడు, చోటుంది. ఆ తరవాత ఏటా చోటుంది. ఇంతకాలం రోజూ చూస్తూ అది ఏ ఏడు మొదలైందో ఒక్కసారీ చూసుకోలేదు. గోపురం నిటారుగా ఉందా, కాకి స్పష్టంగా ఉందా అని మాత్రం చూసుకున్నాడు.

తనది అనుకున్న చోటు తనది కాదు. మూడేళ్లుగా ఎవరూ లేని ఇంట్లో ఆ ఒక్క ఖాళీయే తోడు పెట్టుకుని బతికాడు. ఇప్పుడు అది కూడా లేచి, చెప్పులేసుకుని, వేరే ఇంటికి వెళ్లిపోయినట్టయింది. మేరమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. పేరెత్తొద్దంటే ఆమె పేరెత్తలేదు. నిలబడింది, అంతే.

బల్ల మీద క్యారొలిన్ ఫోన్ మోగింది. తెర మీద ‘పప్పా’ అని ఉంది.

“ఏం చెప్పమన్నాడు వాడు?”

“పలక పడితే ఏమీ చెప్పకుండా కెమెరా ఇచ్చేసి, ఆదివారం ఫొటో తీసుకుని వచ్చెయ్ అన్నారు. మీకు తన పేరు కూడా తెలియక్కర్లేదన్నారు.”

“పట్టకపోతే?”

ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

“పట్టకపోతే తానే ఓడెక్కి వస్తానన్నారు. లెన్సు చేత్తో పట్టుకుని చూస్తే గాని కుదరదు కదా అని.”

ఫోన్ మోగుతూనే ఉంది. బల్ల మీద లెన్సు పలకలో నిక్కచ్చిగా బిగిసి ఉంది, ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే సంఘాన్ని నిలబెట్టమన్నా సిద్ధంగా ఉంది. దేవప్రసాద్ దాని మీద నల్లగుడ్డ కప్పాడు. క్యారొలిన్ వైపు చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఫోన్ తీసి చెవికి ఆనించాడు.

అవతల లేతు తిరుగుతున్న హోరు. దాని మీదుగా ఒక గొంతు, వయసు మీద పడింది గాని గుర్తుపట్టలేనంత కాదు, పట్టిందా క్యారో అని అడిగింది.

తిమింగలాన్ని ఆరబెట్టినవాడు, పిల్లలకి మీసాలు మొలిపించినవాడు, జీవితంలో ఎన్ని అబద్ధాలాడాడో ఆయనకే లెక్క తెలియదు. కానీ దేన్నీ ఇలా కూడబలుక్కుని చెప్పలేదు.

“పట్టలేదురా విన్సెంటూ,” అన్నాడు. “ఎంత తిప్పినా పట్టట్లేదు. నువ్వే వచ్చి చూడాలి.”

అవతల లేతు హోరు మెల్లమెల్లగా తగ్గి, ఆగిపోయింది. లైను తెగిపోయిందేమోనని దేవప్రసాద్ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. అప్పుడు వినపడింది.

“ఎటు తిప్పావు బావా?”